తొమ్మిదిన్నర టన్నులు

చంద్రపూర్ ఎంఐడీసీ కార్ఖానాల జాగల ఇనుప సామాన్లు చేసే ఒక షెడ్డు, దాని పై అంతస్తుల డ్రాయింగ్ రూము. పొద్దున పదకొండు కొట్టింది. రూముల ఉన్నది ఇద్దరే. ఒకరు కంప్యూటర్ మీద బొమ్మలు గీసే రేష్మ, ఇంకొకరు ఆమెకు ఆ పని నేర్పిన సదానందం.

"లారీ వజన్ తీసేసే చూసినవా?"

"తీసేసే చూసిన కాకా. రెండుసార్లు చూసిన."

"మళ్లొక్కసారి చూడు. కాంటా చిట్టీల లారీ, సామాను రెండూ కలిపి రాస్తరు."

"నిండు లారీ ఇరవై ఏడువేల తొమ్మిదివందల కిలోలు. ఖాళీ లారీ పదకొండువేల ఎనిమిదివందల యాభై. తీసేస్తే పదహారువేల యాభై. మన హాపర్ పదహారు టన్నులున్నది కాకా."

"మనం డ్రాయింగ్ మీద రాసింది తొమ్మిదిన్నర గదా."

"తొమ్మిదిన్నరే."

"అయితే ఆ కాంటా ఖరాబైంది. సిమెంట్ ఫ్యాక్టరీ కాంటా, దుమ్ము పడి పడి పాడైతది. నువ్వెందుకు పరేషానైతవు."

"ఆరున్నర టన్నులు తప్పు చూపిస్తదా కాకా, ఎంత దుమ్ము పడ్డా?"

"చూపిస్తది. ఎందుకు చూపించది. ఇంతకు చిట్టీ ఎప్పుడొచ్చింది నీకు?"

"ఇప్పుడే చూసిన."

"ఎప్పుడు చూసినవని అడుగుతలేను. ఎప్పుడొచ్చిందంటున్న."

"నిన్న. నిన్న సాయంత్రం. సామాను గడ్‌చాందూర్ సిమెంట్ ఫ్యాక్టరీకి చేరిందని లారీ డ్రైవర్ ఫోటో పెట్టిండు. నేను చేరిందా, సరే, అనుకున్న. అంకెలు చూడలే."

"నిన్నటి సంది ఫోన్ల పెట్టుకొని కూసున్నవా?"

"చూడలే కాకా. చూస్తే చెప్పకపోదునా."

"సరే, సరే. ఏడ్వకు. ముందు ఫైల్ తెరువు. కంప్యూటర్ ఊరికే తప్పు చెప్పది. తెరువు."

"తెరిచే ఉన్నది. చిట్టీ చూసినప్పటి సంది దీంట్లనే చూస్తున్న. మొత్తం వజన్ అడిగితే తొమ్మిదివేల నాలుగువందల అరవై అంటున్నది. ఎన్నిసార్లడిగినా గదే అంటున్నది."

"ఎట్లెట్ల చేసినవో ముందునుంచి చెప్పు."

"హాపర్ అంటే పెద్ద గరాటా. బయటి డొప్ప మన దగ్గరనే గీసినం. పక్కలు, రెక్కలు, కాళ్లు అన్నీ నేనే గీసిన. అన్నిటికీ స్టీల్ అని పెట్టిన. అది ఎనిమిదిన్నర టన్నులు. బరాబరే ఉన్నది."

"మరి లోపలి ప్లేట్లు?"

"లోపల సున్నపురాయి రాసుకుంటే డొప్ప అరగకుండ పెట్టే గట్టి ప్లేట్లు గదా. అవి మనం గీయలే. నాగ్‌పూర్‌లోని పార్టీ చేసిండు. వాళ్లే ఫైల్ పంపిండ్రు. నేను తెచ్చి లోపల కూసోబెట్టిన. అరవై నాలుగు ప్లేట్లు."

"ఒక్క ప్లేట్ మీద నొక్కు. దాని ఒక్కదాని వజన్ అడుగు."

"అడిగిన కాకా."

"ఏమంటున్నది?"

"పదిహేను కిలోలు."

"పదిహేనా? ఆ ప్లేట్ కింద షెడ్డుల పడి ఉంటే ఇద్దరు మొగోళ్లు పట్టి కదపలేకపోయిండ్రు. నేను చూసిన నా కండ్లతోని. మెటీరియల్ ఏముంది, అక్కడ చూడు."

"ఏం లేదు."

"ఏం లేదంటే?"

"ఖాళీగున్నది. ఆ ఫైల్ వాళ్ల దిక్కునుంచి వచ్చేటప్పుడే ఖాళీగొచ్చింది. నేను చూడలే. ఇది ఇనుమని మనం చెప్తేనే దానికి తెలుస్తది. చెప్పకపోతే నీళ్ల లెక్క కడ్తది. అరవై నాలుగు ప్లేట్లూ నీళ్ల లెక్కనే కట్టింది కాకా."

"నీళ్ల లెక్క. ఇనుము నీళ్లకన్నా ఎనిమిదంతలు బరువు."

"ఇనుమని పెడితే ఒక్కొక్కటి నూటపద్దెనిమిది. పెట్టి చూసిన. మొత్తం పదహారు టన్నులకొచ్చింది. కాంటా చెప్పిందే వచ్చింది."

"అబ్బ. కాంటా మంచిగనే ఉన్నదన్నట్టు."

"కాంటా మంచిగనే ఉన్నది."

"నీకెన్నిసార్లు చెప్పిన నేను. పొడుగు, వెడల్పు, మందం చేత్తోని గుణించు, పెన్సిల్‌తోని రాసుకో, ఆ తర్వాతనే కంప్యూటర్ మాట విను. చెప్పినా, చెప్పలేదా?"

"చెప్పినవు. మరి నువ్వు చూసినవా కాకా?"

"నేనా?"

"డ్రాయింగ్ కింద చూసినోళ్ల జాగల నీ సంతకమున్నది గదా."

"ఉన్నది."

"గుణించి చూసినవా?"

"ఆ రోజు మూడు డ్రాయింగ్‌లు ఒక్కసారి తెచ్చి ముందట పెట్టినవు. సేఠ్ మెట్ల కాడ నిలబడి జల్ది జల్ది అంటుండు. పెట్టిన సంతకం. ఇప్పుడదంతా ఎందుకు. క్రేన్‌తోని లేపుడు ఎప్పుడు?"

"ఇయ్యాలనే."

"ఇయ్యాలనా? రేపన్నరు గదా."

"క్రేన్ ఖాళీ ఉన్నదని ఇయ్యాలకు పెట్టుకున్నరు. పదకొండింటికి."

"పదకొండు దాటిపోయింది గదనే."

"తెలుసు కాకా."

"క్రేన్ ఎంతది?"

"దగ్గర ఉంటే ఇరవై టన్నులు లేపుతది. హాపర్ బిగించే ఎత్తు స్టాండ్ మీదికి పంపాలంటే క్రేన్ చెయ్యి దూరం చాపాలె. అంత దూరం చాపితే పన్నెండే లేపుతది. తొమ్మిదిన్నరకు పన్నెండు మస్తు అనుకున్నరు."

"పదహారైతే?"

"దగ్గరైతే ఏం గాదు, లేస్తది. దూరం పంపుతుంటే బోర్లపడ్తది."

"క్రేన్‌కు బజర్ ఉంటది. వజన్ ఎక్కువైతే కూస్తది, బంద్ అయిపోతది. అన్ని క్రేన్‌లకూ ఉంటది. నువ్వు ఊకె భయపడ్తున్నవు."

"దీనికి లేదు. రోజంతా కూస్తున్నదని దాని వైరు పీకేసిండ్రట."

"నీకెట్ల తెలుసు?"

"మా ఇంట్ల అనంగ విన్న."

"మీ ఇంట్ల ఎవరు…? రేష్మా. గిప్పుడు అక్కడ లేపేది ఎవరు? ఏ గ్యాంగు?"

"మా బాపు గ్యాంగు."

"ప్రేమయ్యనా?"

"మా బాపే నిలబడి లేపుతుండు కాకా. తాడు పట్టుకునేది గూడ ఆయననే. నాకు భయమైతుంది కాకా."

"మరి ఇంతసేపు కాంటా, కంప్యూటర్ అనుకుంట ఏం కూసున్నమే? ఫోన్ చెయ్యి."

"మూడుసార్లు చేసిన. స్విచ్ ఆఫ్. ఫ్యాక్టరీ గేటు కాడ కూలోళ్ల ఫోన్లన్నీ డబ్బల ఏపిస్తరు."

"గేటుకు చెయ్యి."

"నంబర్ లేదు. శ్రావణ్‌కుమార్‌ది ఉన్నది, సైట్ సూపర్‌వైజర్. ఆయనొక్కనికే లోపలికి ఫోన్ తీసుకపోనిస్తరు. బిజీ వస్తుంది."

"మళ్ల చెయ్యి. లేకుంటే ఆగు, ముందు సీతారాం సేఠ్‌కు ఒక్క మాట చెప్పుదం."

"సేఠ్ ఎందుకిప్పుడు?"

"ఎందుకంటే కంపెనీ ఆయనది. మనం ఫోన్ చేసి వజన్ తప్పు రాసినమంటే, ఆ ఫ్యాక్టరీవాళ్లు ఇంకోసారి మన గడప తొక్కుతరా? చెప్పేతీరున చెప్పాలె. ఏదో ఒక కాగితం తక్కువున్నది, లేపకుండ్రి, రేపు పంపుతం అను. గంతే. వజన్ అనే మాట ఎత్తకు."

"కాగితం తక్కువున్నదంటే ఆపుతరా కాకా? ఊపు మీదున్న పని ఆపుతరా?"

"ఆపుతరు."

"నువ్వైతే ఆపుతవా?"

"…నేనైతే ఆపను."

"మరి?"

"చెయ్యి. ఫోన్ చెయ్యి. ఏదుంటే అది చెప్పు. నా సంతకం గూడ ఉన్నది దాని మీద, ఇద్దరం కలిసే తింటం దెబ్బలు. మోగుతుందా?"

"బిజీ."

"మళ్ల చెయ్యి."

"చేస్తున్న. నా వేలు సరిగ పడ్తలేదు కాకా. నువ్వు నొక్కు."

"ఇటియ్యి. ఇగో. మోగుతుంది. స్పీకర్ పెట్టిన. మాట్లాడు."

ఆ దిక్కు ఎత్తింది శ్రావణ్‌కుమార్. వెనక ఇంజిన్ సప్పుడు ఇక్కడి రూముల దాక వినబడ్తున్నది.

"శ్రావణన్నా, నేను రేష్మను. ప్రేమయ్య బిడ్డను."

"ఆ రేష్మా, జరాగి చేస్తవా? లోడ్ గాల్లున్నది."

"గాల్లున్నదా?"

"లేచింది. మస్తు లేచింది. ఇగ స్టాండ్ దిక్కు పంపుతున్నం. పది నిమిషాలాగి చెయ్యి."

"అన్నా, పెట్టెయ్యకు. బాపుకియ్యి."

"తాడు పట్టుకున్నడమ్మా. చేతులు ఖాళీ లేవు."

"నీ కాళ్లు మొక్కుత అన్నా. ఒక్క నిమిషం. చెవి కాడ పెట్టు."

"ఏమైంది, ఇంట్ల ఎవరికన్న…? ఆగు ఆగు. ప్రేమయ్య మామా, నీ బిడ్డ. ఏడుస్తుంది. ఇగో, స్పీకర్ పెట్టిన."

"ఏంది బిడ్డా? అమ్మకేమన్నయిందా?"

"అమ్మ మంచిగున్నది బాపు."

"మరేంది? తమ్మునికా?"

"ఎవరికేం గాలే. బాపు, నువ్వెక్కడ నిలబడ్డవు?"

"ఎక్కడ నిలబడ్త, పని కాడ. గీమాట అడగనీకె చేసినవా?"

"దాని కిందున్నవా?"

"పక్కకున్న. రేష్మా, పని మీదున్న బిడ్డా. ఏందో చెప్పు."

"బాపు, అది ఎంత దూరం పోయింది?"

"ఏది?"

"హాపర్."

"సగం తిరిగింది. ఇగ క్రేన్ చెయ్యి చాపుతుండు డ్రైవర్ గజానన్. ఎందుకడుగుతున్నవు?"

"చాపొద్దను బాపు."

"ఎందుకు?"

"కాగితం మీద రాసింది… అది… కాగితం మీద కొద్దిగ…"

"నీళ్లు నమలకు. ఏం రాసిండ్రు, ఏం తప్పయింది?"

"వజన్ తప్పు."

"ఎంత తప్పు?"

"ఎక్కువున్నది."

"ఎంతెక్కువ బిడ్డా?"

"పదహారు టన్నులున్నది బాపు. తొమ్మిదిన్నర గాదు. పదహారు."

"గజానన్, థాంబ్. థాంబ్. అక్కడికే ఆపు. చెయ్యి ముందుకు పంపకు. దించకు గూడ. ఏది ముట్టకు. లివర్ మీదికెళ్లి చెయ్యి తియ్యి."

"బాపు, ఆగిందా?"

"ఆగింది. ఊగుతుంది. రేష్మా, పదహారే గదా? ఇంకా ఎక్కువుంటే ఇప్పుడే చెప్పు. తర్వాత చెప్తే లాభం లేదు."

"పదహారువేల యాభై. కాంటా చిట్టీ ఉన్నది నా దగ్గర."

"యాభై గూడ చెప్తున్నది. సరే. శ్రావణ్, ఎన్క జాకీ చూసి రా, ఎడమ దిక్కుది. చూసి చెప్పు. ఉరకకు."

"ఎన్క జాకీ అంటే ఏంది కాకా? ఏమంటుండు?"

"క్రేన్ బోర్లపడకుండ నాలుగు దిక్కుల ఇనుప కాళ్లు పెడ్తరు. చెక్కల మీద ఆనుతయి. ఎన్క కాలు ఆని ఉంటే ఫికర్ లేదు. లేస్తే…"

"లేస్తే?"

"ఊకో. విందం."

"మామా, చెక్కకూ జాకీకీ మధ్యల సందు కనపడ్తుంది. రెండు వేళ్లు పోతయి."

"వేళ్లు పెట్టినవా ఏంది? తియ్యి. ఇవతలికి రా. రాజన్నా, ఓ రాజన్నా. స్టాండ్ మీదికెళ్లి దిగు. మెల్లగ. దీని దిక్కు గాదు, అటు నిచ్చెన దిక్కు. పైకి చూడకు, మెట్లు చూసుకుంట దిగు."

"రాజన్న పైనున్నడా బాపు?"

"బోల్టులు ఏసేటందుకు ఎక్కిండు. దిగుతుండు. నువ్వు భయపడకు."

"నువ్వు గూడ పక్కకు పో."

"నేను పోతే తాడు ఎవరు పట్టాలె? తాడు ఇడిస్తే ఇది గిర్రున తిరుగుతది. తిరిగితే ఆ రెండు వేళ్లు నాలుగైతయి."

"బాపు, నా మాట విను. ఇడిచిపెట్టి పో."

"రేష్మా, మాట్లాడకు బిడ్డా జరసేపు. ఫోన్ పెట్టెయ్యకు, గని మాట్లాడకు. గజానన్, ఇను. ముందు చెయ్యి దగ్గరికి గుంజు. పైకి లేపుకుంట నీ దిక్కు గుంజు. దించుడు తర్వాత. ఇప్పుడు దించితే ఝట్కా తింటది. హళూ. హళూ హళూ. చీమ నడిచినట్టు గుంజు."

"కాకా, ఏం వినబడ్తలేదు."

"ఇంజిన్ వినబడ్తుంది గదా. వినబడ్తుందంటే నిలబడే ఉన్నది."

"నేను బండి మీద పోత."

"ఇక్కడికెళ్లి గడ్‌చాందూర్ గంటకు పైన. పోయి ఏం చేస్తవు? కూసో. నా చెయ్యి పట్టుకో."

"నేను పెట్టిన అంకె కాకా. నేనే పెట్టిన."

"ఇద్దరం పెట్టినం. ఊకో."

"శ్రావణ్, సందు ఎంతున్నది?"

"ఒక వేలు మామా. ఒక వేలు కన్నా తక్కువ."

"గుంజు గజానన్. ఇంకా గుంజు. గాలి వస్తుంది, జరాగు. ఆ. గుంజు. రాజన్న దిగిండా?"

"దిగిండు మామా."

"దూరం పొమ్మను. అందరిని పొమ్మను. నువ్వు గూడ, శ్రావణ్. ఫోన్ ఆ డ్రమ్ము మీద పెట్టి పో."

"బాపు, నువ్వొక్కనివే…"

"గజానన్ ఉన్నడు గదా క్యాబిన్ల. వానికీ పిల్లలున్నరు. వానిని ఇడిచిపెట్టి నేను పోతనా? హళూ రే. ఆ. ఆ. జాకీ ఆనింది. కనపడ్తుంది నాకు, ఆనింది. ఇగ దించు. జానెడు దించు, ఆపు. జానెడు దించు, ఆపు."

"ఆనిందంటుండు కాకా. ఆనిందన్నడు గదా?"

"ఆనిందన్నడు. నేను గూడ విన్న."

"దించు. ఇంకా దించు. లారీ మీదికి గాదు, నేల మీదికే. ఆ మట్టి మీదికి రానియ్యి. రానియ్యి. రానియ్యి. బస్. తాడు వదులు చెయ్యి. ఇంజిన్ బంద్ చెయ్యి గజానన్."

"…బాపు?"

"దిగింది బిడ్డా."

"దిగిందా? మొత్తం దిగిందా?"

"మొత్తం. మట్టిల మూరెడు కూసున్నది. పదహారే, నువ్వన్నది నిజం."

"ఎవరికేం గాలే గదా?"

"ఎవరికేం గాలే. దేవునికి స్తోత్రం. గజానన్ దిగి నేల మీద కూలబడ్డడు, గంతే. నీళ్లిస్తుండ్రు."

"నీ చేతులు?"

"తాడుకు జర తోలు లేచింది. నూనె రాస్త, పోతది. నువ్వు ఏడ్వకు. ఏడుస్తె నాకేం అర్థం గాదు."

"ప్రేమయ్యా, నేను సదానందం. పిల్లను ఒక్కదాన్నే అనకు. చూసినోని జాగల నా సంతకమున్నది. చూడకుండ పెట్టిన."

"నేనెవరిని ఏమంటలేను సదానందమన్నా. తర్వాత మాట్లాడుదం. నేను గూడ కూసుంట."

"నేను సేఠ్‌కు చెప్త బాపు. ఫ్యాక్టరీ వాళ్లకు గూడ నేనే రాసిస్త. తప్పు నేను రాసిన అని రాసిస్త. ఉద్యోగం పోతే పోనియ్యి."

"రాసియ్యి. రాసియ్యాలె. ముందు గిట్ల తప్పు వజన్ ఇంకే కాగితం మీదన్న రాసిండ్రేమో అది గూడ చూడమను."

"చూస్తం. కాకా రాసుకుంటుండు. బాపు, ఒకటి అడుగుత."

"అడుగు."

"నువ్వు ఏది లేపినా ముందు జానెడే లేపిస్తవు గదా. ఆపి, పరలోక ప్రార్థన మొత్తం చేస్తవు గదా, ఆమెన్ దాక. అమ్మ నవ్వుతది గూడ, మా ఆయన క్రేన్ కింద చర్చి పెడ్తడని."

"నవ్వుతది."

"అంతసేపు ఆపితే వజన్ తెలుస్తదని నువ్వే చెప్పినవు నాకు. కాగితం ఎవడన్న రాస్తడు, తాడు అబద్ధం చెప్పదని."

"తెలుస్తది. తాడు సప్పుడు మారుతది. ఇంజిన్ మూలుగుతది. ముప్పై ఏండ్ల సంది వింటున్న, తెలువదా."

"మరి ఇయ్యాల తెలువలేదా?"

"…నీళ్లు తాగు బిడ్డా."

"తెలువలేదా బాపు?"

"రాజన్న పిలుస్తుండు. మల్ల చేస్త."

"ఇయ్యాల ఆపలేదా?"

"ఆపలే."

"ఎందుకాపలే? ముప్పై ఏండ్లు ఆపినోడివి, ఇయ్యాల ఎందుకాపలే?"

"పొద్దున శ్రావణ్ కాగితం చదివిండు. మామా, మూలకు గీసినోళ్ల పేరు రేష్మ అని ఉన్నదన్నడు. నాకు చదువు రాదు గదా, ఆ పేరు ఎక్కడున్నదో వేలు పెట్టి చూపియ్యుమన్న. చూపిచ్చిండు. అందరికి చూపిచ్చిన. జానెడు లేవంగనే గజానన్ ఆపిండు. ఆపి, ప్రార్థన చెయ్యవా మామా అని అడిగిండు. అందరు నా దిక్కే చూస్తుండ్రు. నేనే అన్న బిడ్డా. ఇయ్యాల అక్కర లేదు, లేపు, ఇది నా బిడ్డ కట్టిన లెక్క అన్న."